పూడిక తీసేముందు అడుగున ఏం బతుకుతోందో చూడండి: తీరప్రాంత అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి, రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ ప్రాధికార సంస్థకు, మన తీరం పొడవునా ఉన్న రేవుల యాజమాన్యాలకు, వారి తరఫున పర్యావరణ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకు,

నమస్కారం.

రేవులో కొత్తగా లోతు పెంచాలన్నా, జెట్టీ కట్టాలన్నా, పరిశ్రమ వ్యర్థజలాన్ని పైపు వేసి సముద్రంలో వదలాలన్నా అనుమతి కోసం ఒక నివేదిక రావాలి. అందులో అడుగుమట్టి గురించి నాలుగైదు పేజీలు ఉంటాయి. రాగి ఇంత, జింక్ ఇంత, సీసం ఇంత అని ఒక పట్టిక. దాని కింద ఫలానా జాతుల పురుగులు, గుల్లలు కనిపించాయని మరో పట్టిక. ఆ రెండు పట్టికలకూ మధ్య సంబంధం ఏమిటో ఎక్కడా ఉండదు. చివర ‘ప్రభావం స్వల్పం’ అని ఒక మాట. సముద్రపు అడుగుమట్టి మీద, అందులో బతికే జీవుల మీద పనిచేసేవాళ్లుగా మేం అడిగేది ఒక్కటే. ప్రతి స్టేషన్‌లో, అంటే నమూనా తీసే ప్రతి చోటా, ఒకే రోజు, ఒకే చోట తీసిన మట్టి మీద మూడు పరీక్షలు జరగాలి: మట్టిలో ఏ విషం ఎంత ఉంది, ఆ మట్టిలో వదిలిన జీవి బతుకుతుందా, ఇప్పటికే అక్కడ ఏ జీవులు ఏ తీరుగా ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపి చదవకుండా పూడికతీతకు గానీ పైపులైన్‌కు గానీ అనుమతి ఇవ్వకండి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలోని ప్యూజెట్ సౌండ్ మట్టి మీద లాంగ్, చాప్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1985లోనే ఈ మూడు పరీక్షల పద్ధతిని ప్రకటించారు. దానికి కావలసిన పరికరాలూ మనుషులూ మన విశ్వవిద్యాలయాల్లో, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల ఉన్నారు.

నీటి పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి కదా అనవచ్చు. పర్యావరణ పరిరక్షణ నియమాల్లో తీరజలాలకు ఎస్‌డబ్ల్యూ-1 నుంచి ఎస్‌డబ్ల్యూ-5 దాకా తరగతులున్నాయి, రేవు నీళ్లకు ఎస్‌డబ్ల్యూ-4 వర్తిస్తుంది. కానీ అవన్నీ నీటి కొలతలు. నీరు పోటుకు ఒకలా, పాటుకు ఒకలా మారిపోతుంది. వాన పడితే మరోలా ఉంటుంది. లోహాలు, నూనెల్లోని బహువలయ హైడ్రోకార్బన్లు, పాత ఓడల రంగుల్లోని ట్రైబ్యుటైల్ టిన్ నీటిలో ఎక్కువసేపు ఉండవు. సన్నటి బంకరేణువులకూ సేంద్రియ పదార్థానికీ అంటుకుని అడుగుకు దిగిపోతాయి. విశాఖ ఇన్నర్ హార్బర్‌నే చూడండి. డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి వెళ్లే సన్నటి కాలువ తప్ప దానికి సముద్రంతో వేరే దారి లేదు, ఆటుపోట్ల తేడా తక్కువ, వాయవ్యపు పాయలోకి మేహాద్రిగెడ్డ నీళ్లు వస్తాయి. 1933లో రేవు తెరిచినప్పటి నుంచి చుట్టూ పెరిగిన ఊరూ పరిశ్రమలూ వదిలినదాంట్లో నీటితోపాటు బయటికి పోనిదంతా ఆ బురదలోనే దిగింది.

ఆ బురదలో బతికేవాటికి పారిపోయే దారి ఉండదు. పాలీకీట్ పురుగులు, ఆంఫిపాడ్‌లనే చిన్న రొయ్యల్లాంటి జీవులు, గుల్లలు, నత్తలు, పెళుసు నక్షత్రాలనే సన్నచేతుల జీవులు మట్టిని తింటాయి, వడగడతాయి, తవ్వుతాయి. వాటిని రొయ్యలు, మండ పీతలు, జెల్లలు తింటాయి. కాకినాడ అఖాతంలో బుడిత గుల్లలు ఏరి బతికే కుటుంబాలకు అడుగుమట్టి ఆరోగ్యం అంటే నేరుగా సంపాదన. పైగా పురుగులూ గుల్లలూ ఒక్క రోజు నీటి నాణ్యతను కాక కొన్ని నెలలుగా అక్కడ జరిగినదాన్ని తమ ఉనికితోనో లేకపోవడంతోనో చెబుతాయి.

ఇక పని విషయానికి వస్తాం. తప్పు ఎక్కువగా జరిగేది లాబ్‌లో కాదు, పడవ మీద.

మట్టి తీయడానికి వాన్ వీన్ గ్రాబ్ వాడతారు. అడుగుకు దించితే రెండు దవడలతో మట్టిని కరిచి పైకి తెచ్చే పరికరం అది. మన దగ్గర 0.04 చదరపు మీటర్లది ఎక్కువ, 0.1 చదరపు మీటర్లది మేలు. గ్రాబ్ పైకి వచ్చాక ముందు చూడాల్సింది దాన్ని ఒప్పుకోవాలా, తిప్పి సముద్రంలో పోయాలా అన్నది. దవడల మధ్య గులకరాయో గుల్లో ఇరుక్కుని సందు ఉంటే ఆ సందులోంచి నీళ్లతోపాటు పై పొర కారిపోతుంది; అలాంటిది పనికిరాదు. మట్టి మూతల దాకా నిండి పైకి ఉబ్బినా పనికిరాదు, ఎందుకంటే పై పొర నలిగిపోయింది. మట్టి మీద నిలిచిన నీరు దాదాపు తేటగా ఉండాలి, ఉపరితలం చదునుగా ఉండాలి. బురదలో కనీసం 7 సెంటీమీటర్లు, ఇసుకలో 5 సెంటీమీటర్లు దిగి ఉండాలి. ఇసుక నేలలో గ్రాబ్ సరిగా దిగదు, బరువులు కట్టాలి. 3 సెంటీమీటర్లే దిగిన గ్రాబ్‌లో పురుగులు తక్కువ కనిపిస్తే అది కాలుష్యం వల్లో పరికరం వల్లో ఎవరూ చెప్పలేరు. ప్రతి గ్రాబ్ ఎంత లోతు దిగిందో, ఎన్ని గ్రాబ్‌లు వద్దని పారేశారో నివేదికలో రాయమనండి. ఆ రెండు అంకెలు చూస్తే పని ఎంత జాగ్రత్తగా జరిగిందో మీకు సగం తెలిసిపోతుంది.

రసాయన పరీక్షలకు పై 2 సెంటీమీటర్ల మట్టే కావాలి, అది కూడా గ్రాబ్ గోడలకు తగలని నడిమి భాగం నుంచి. లోహాలకైతే ప్లాస్టిక్ చెంచా, ప్లాస్టిక్ డబ్బా. హైడ్రోకార్బన్లకూ పురుగుమందులకూ స్టీలు చెంచా, గాజు సీసా. ఈ రెండూ తారుమారు చేస్తే ప్లాస్టిక్‌లోని పదార్థాలు సేంద్రియ పరీక్షలోకి, పరికరంలోని క్రోమియం, నికెల్ లోహాల పరీక్షలోకి చొరబడతాయి. విషత్వ పరీక్షకు వేరు చేసిన మట్టిని ఎప్పుడూ గడ్డకట్టించకూడదు. 4 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచి వీలైతే రెండు వారాల్లోపే పరీక్ష మొదలుపెట్టాలి. సల్ఫైడ్ కొలిచే నమూనా సీసాలో గాలి జాగా ఉండకూడదు. గాలి తగిలితే సల్ఫైడ్ ఆక్సీకరణం చెంది, కొలిచే అంకెకు అర్థం పోతుంది. సీసా మూసేముందు ఇంకో పని ఉంది. మట్టిని పక్క నుంచి చూడాలి: గోధుమరంగు పై పొర ఎన్ని మిల్లీమీటర్లుంది, నలుపు ఎక్కడ మొదలైంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా? పైసా ఖర్చు లేని ఈ పరిశీలన మన నివేదికల్లో అరుదుగా కనిపిస్తుంది.

జీవుల కోసం తీసే గ్రాబ్ వేరు. ఒక్కో స్టేషన్‌లో కనీసం మూడు, వీలైతే ఐదు. వాటిని ఒకే బకెట్‌లో కలపకూడదు, విడివిడిగా లెక్కించాలి. కలిపేస్తే ఆ స్టేషన్‌లో సహజంగా ఎంత హెచ్చుతగ్గులున్నాయో తెలియదు. అది తెలియకపోతే వచ్చే ఏడాది కనిపించిన తేడా నిజమైనదో కాదో తేల్చలేం. 0.04 చదరపు మీటర్ల గ్రాబ్ ఒక్కటే తీసి చదరపు మీటరుకు లెక్క కడితే, దొరికిన ఒక్క పురుగు 25 పురుగులైపోతుంది. రెండు దొరికితే 50. ‘చదరపు మీటరుకు 50’ అన్న గంభీరమైన అంకె వెనక రెండంటే రెండు జీవులున్నాయని చదివేవాళ్లకు తెలియాలి కదా.

మట్టిని 0.5 మిల్లీమీటర్ల జల్లెడ మీద వడకట్టాలి. పైపుతో జోరుగా నీళ్లు కొడితే పురుగులు ముక్కలై కన్నాల్లోంచి పోతాయి. టబ్బులో సముద్రపు నీళ్లు పోసి, మట్టిని చేత్తో మెల్లగా విడదీసి, పైన తేలేదాన్ని కొంచెంకొంచెంగా జల్లెడ మీదకు వంపాలి. 1 మిల్లీమీటరు జల్లెడ వాడితే పని తొందరగా అవుతుంది, కానీ మన తీరంలో దొరికే జీవులు చిన్నవి. ముఖ్యంగా కాలుష్యం పెరిగినచోట ఎగబడే సన్నటి పురుగులు ఆ కన్నాల్లోంచి జారిపోతాయి. సరిగ్గా మనకు కావలసిన ఆధారమే పోతుంది. ఒక సీజన్‌లో 0.5, మరో సీజన్‌లో 1 మిల్లీమీటరు వాడి రెంటినీ పోల్చిన పట్టిక వస్తే దాన్ని పక్కన పెట్టేయండి.

జల్లెడ మీద మిగిలినదాన్ని సీసాలో సగానికి మించకుండా వేసి, సముద్రపు నీటితో పలుచన చేసిన 10 శాతం ఫార్మలిన్ పోయాలి. బజారు ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు అంటే అందులో ఫార్మాల్డిహైడ్ దాదాపు 4 శాతమే. ఈ రెండు అంకెల మధ్య గందరగోళంలో మరింత పలుచన చేసేవాళ్లున్నారు. అప్పుడు పురుగులు సీసాలోనే కుళ్లి గుర్తుపట్టలేని ముద్దవుతాయి. ఫార్మలిన్‌లో వెలిగారం కలపాలి. కలపకపోతే ఆమ్లానికి చిన్న గుల్లల చిప్పలు కరిగిపోతాయి, చిప్ప లేని గుల్లను ఏ జాతి అని చెప్పడం? రోజ్ బెంగాల్ రంగు కొంచెం వేస్తే జీవులు గులాబీ రంగు పట్టి ఇసుకలోంచి ఏరడం తేలికవుతుంది. లేబుల్ పెన్సిల్‌తో దళసరి కాగితం మీద రాసి సీసా లోపల వేయాలి. బయట అంటించింది ఊడిపోతుంది, బాల్‌పెన్ సిరా కరిగిపోతుంది. కొన్ని రోజుల తర్వాత కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. లెక్కించేటప్పుడు తల ఉన్న ముక్కనే ఒక జీవిగా లెక్కపెట్టాలి. ఏరేసిన మట్టిలో పదో వంతు నమూనాలనైనా ఇంకొకరు మళ్లీ ఏరి చూడాలి. మొదటివారు 95 శాతం కంటే తక్కువ ఏరి ఉంటే ఆ వరుసంతా మళ్లీ ఏరాల్సిందే.

రసాయన పట్టికల దగ్గర మూడు పొరపాట్లు పదేపదే వస్తాయి. తడి బరువుకూ పొడి బరువుకూ తేడా రాయకపోవడం మొదటిది. రేవు బురదలో 60 శాతం నీరే ఉండవచ్చు. అప్పుడు పొడి మట్టి కిలోకు 100 మిల్లీగ్రాములున్న లోహం తడి బరువులో 40గా కనిపిస్తుంది. రెండోది, మట్టిని ఏ ఆమ్లంలో కరిగించారన్నది. ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) మట్టి గింజల్లోని సిలికేట్‌ను పూర్తిగా కరిగించదు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కరిగిస్తుంది. రెండు పద్ధతుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. మూడోది అన్నిటికంటే పెద్దది, రేణువుల సైజును పట్టించుకోకపోవడం.

దీన్ని ఒక లెక్కతో చూపిస్తాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. ఒక స్టేషన్‌లో బురద: జింక్ కిలోకు 190 మిల్లీగ్రాములు, అల్యూమినియం 8 శాతం. మరో స్టేషన్‌లో ఇసుక: జింక్ 70, అల్యూమినియం 1.6 శాతం. పట్టిక మాత్రమే చూస్తే మొదటిది చెడ్డది, రెండోది బాగుంది. లోహం సహజంగానే బంకమట్టితోపాటు వస్తుంది కాబట్టి అల్యూమినియంతో భాగించి చూద్దాం. బంకమట్టి గట్టిపడి ఏర్పడే షేల్ రాతి ప్రపంచ సగటులో జింక్ 95, అల్యూమినియం 8 శాతం, అంటే నిష్పత్తి సుమారు 11.9. బురదలో అది 23.75; సహజ స్థాయికి రెండింతలు. ఇసుకలో 43.75, సహజ స్థాయికి 3.7 రెట్లు. ‘బాగున్న’ స్టేషన్‌కే బయటి నుంచి జింక్ ఎక్కువగా చేరుతోంది. ఇదే లెక్కలో అల్యూమినియాన్ని ఆక్వా రీజియాతో కొలిచి, ఉన్నదాంట్లో సగమే బయటికి వస్తే, నిష్పత్తి రెట్టింపై శుభ్రమైన మట్టి కూడా కలుషితమని తేలుతుంది. అందుకే ఏ ఆమ్లం వాడారు, రేణువుల్లో 63 మైక్రాన్ల కంటే సన్నవి ఎంత శాతం, సేంద్రియ కార్బన్ ఎంత శాతం అన్న మూడూ లేని లోహాల పట్టికను మేం పట్టికగానే చూడం. ప్రతి 20 నమూనాలకూ మట్టి లేకుండా చేసే ఖాళీ పరీక్ష ఒకటి, ఒకే నమూనాను రెండుసార్లు కొలిచే జంట పరీక్ష ఒకటి, ఏది ఎంత ఉందో ముందే ధ్రువీకరించిన సముద్రపు మట్టి ప్రమాణం ఒకటి ఉండాలి. ఆ ప్రమాణంలో ఎంత శాతం రాబట్టారో కూడా ముద్రించాలి.

పోల్చడానికి ఏ అంకె వాడుతున్నారన్నది ఇంకో చిక్కు. మన నివేదికల్లో ఎక్కువగా కనిపించేవి 1995లో లాంగ్, ఆయన సహచరులు ప్రకటించిన ఈఆర్‌ఎల్, ఈఆర్‌ఎమ్ విలువలు. ప్రతి లోహానికీ ఈఆర్‌ఎల్ ముందు, ఈఆర్‌ఎమ్ తర్వాత రాస్తే, పొడి మట్టి కిలోకు మిల్లీగ్రాముల్లో రాగికి 34, 270, జింక్‌కు 150, 410, సీసానికి 46.7, 218, కాడ్మియానికి 1.2, 9.6, పాదరసానికి 0.15, 0.71, నికెల్‌కు 20.9, 51.6. ఇవి ఉత్తర అమెరికా సమాచారం నుంచి వచ్చాయి. మొదటి అంకె దాటకపోతే హాని అరుదు, రెండోది దాటితే హాని తరచుగా కనిపిస్తుందని మాత్రమే వాటి అర్థం. పాస్, ఫెయిల్ మార్కులు కావవి. గోదావరి ఒండ్రు విషయంలో ఇవి నేరుగా దారి తప్పిస్తాయి. ఆ నది దక్కన్ బసాల్ట్ రాళ్ల మీదుగా వస్తుంది. బసాల్ట్‌లో రాగి, నికెల్, క్రోమియం సహజంగానే ఎక్కువ. కోరంగి, గాడేరు పాయల గుండా కాకినాడ అఖాతంలో చేరే బురదలో ఏ ఫ్యాక్టరీ లేకపోయినా నికెల్ 20.9 దాటడంలో వింత లేదు. పైగా ఆ పట్టిక తయారుచేసినవాళ్లే నికెల్ విలువ మీద తమకు నమ్మకం తక్కువని చెప్పారు. భీమిలి వైపు వెళ్తే ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ ఉన్న నల్ల ఇసుక. దాని సహజ రసాయనం మళ్లీ వేరు.

దీనివల్ల రెండు వైపులా నష్టమే. సహజ నికెల్‌ను చూపించి నిజాయితీగా పనిచేసే పరిశ్రమను తప్పుపట్టవచ్చు. లేదా ‘ఇక్కడ అన్నీ సహజంగానే ఎక్కువ’ అనే సాకు కింద నిజమైన కాడ్మియం, పాదరసం దాచవచ్చు. మందు ఒకటే: స్థానిక సహజ స్థాయిని కొలవడం. పూడిక తీయని చోట పొడవాటి గొట్టం దించి మట్టి పొరలను చెదరకుండా (కోర్‌గా) తీసి, రేడియోధార్మిక సీసం-210తో వాటి వయసు కట్టి, పరిశ్రమలు రాకముందు దిగిన పొరల్లోని నిష్పత్తులను ఆధారంగా తీసుకోవాలి. సీసం-210 అర్ధాయువు సుమారు 22 ఏళ్లు కాబట్టి నూరేళ్ల వెనక్కి వెళ్లగలం. ఒకసారి చేసిన పని ఆ తీరభాగానికి దశాబ్దాలపాటు అక్కరకొస్తుంది. ప్రతి కంపెనీ విడివిడిగా చేయనక్కర్లేదు. మండలి చేయించి అందరికీ ఇవ్వవచ్చు.

మట్టిలో లోహం ఉన్నంత మాత్రాన అది జీవికి అందుతుందనీ లేదు. గాలి ఆడని నల్లబురదలో సల్ఫైడ్ ఉంటుంది. రాగి, జింక్, కాడ్మియం, సీసం, నికెల్ దానితో కలిసి కరగని రూపంలో బిగిసిపోతాయి. చల్లని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఒకేసారి సల్ఫైడ్‌నూ దానితోపాటు విడుదలయ్యే లోహాలనూ కొలిచి, మోల్‌ల లెక్కలో లోహాల మొత్తం సల్ఫైడ్ కంటే తక్కువైతే ఆ లోహాల వల్ల విషప్రభావం ఉండదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. కానీ ఇక్కడే పూడికతీత అసలు ప్రమాదం దాగి ఉంది. అడుగున కదలకుండా ఉన్నప్పుడు నిరపాయంగా కనిపించిన బురదను డ్రెడ్జర్ తవ్వి, నీటితో కలిపి, దూరం తీసుకెళ్లి వదిలితే ఆ సల్ఫైడ్‌కు ఆక్సిజన్ తగులుతుంది. బిగిసిన లోహం విడివడుతుంది. అందుకని తవ్వబోయే మట్టికి కడిగి చూసే పరీక్ష తప్పనిసరి చేయండి: ఒక పాలు మట్టి, నాలుగు పాళ్లు పారవేసే చోటి నీరు, అరగంట కలియబెట్టడం, గంట తేరుకోనివ్వడం, పైనీటిని వేరుచేసి అందులో లోహాలు, అమ్మోనియా కొలవడం, ఆ నీటిలోనే గుల్లల లేదా ఆల్చిప్పల పిండాలు ఎదుగుతున్నాయా చూడడం. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ నిర్వహణ పూడికతీతకు (ఉన్న లోతును నిలబెట్టేందుకు చేసేది), అది మొదట అనుమతి పొందిన ప్రతిపాదనలో భాగమై ఉంటే, మళ్లీ అనుమతి అక్కర్లేదంటుంది. కానీ మొదటి అనుమతినాటి మట్టీ ఈనాటి మట్టీ ఒకటి కాదు. నోటిఫికేషన్ అడగకపోయినా రేవులు తమంతట తామే ప్రతి పెద్ద పూడికతీతకు ముందు ఈ పరీక్ష చేయించాలని కోరుతున్నాం.

విశాఖలో ఔటర్ హార్బర్ దగ్గరి ఇసుక ఉచ్చు (కొట్టుకొచ్చే ఇసుకను పట్టే గుంట) నుంచి తీసిన ఇసుకను బీచ్ కోత ఆపడానికి పంపు చేయడం అందరికీ తెలిసిందే. అలల వెంట దక్షిణం నుంచి వచ్చిన ఆ ఇసుక కథ వేరు, ఇన్నర్ హార్బర్ పాయల బురద కథ వేరు. రెంటికీ ఒకే నివేదిక, ఒకే సగటు అంకె ఉండకూడదు. సగటు తీస్తే శుభ్రమైన ఇసుక చెడ్డ బురదను కప్పేస్తుంది.

విషత్వ పరీక్ష అనగానే చాలాచోట్ల ఆర్టీమియా మీద చేసిన పరీక్ష జత చేస్తారు. ఆర్టీమియా ఉప్పుమడుల్లో బతికే మొండి జీవి, నీటిలో ఈదుతుంది, మట్టిలో దూరదు. మట్టి విషాన్ని పట్టుకోవడానికి మట్టిలో బొరియ చేసే ఆంఫిపాడ్‌లే సరైనవి. పది రోజుల పరీక్ష ఇలా ఉంటుంది: లీటరు గాజు జాడీ, అడుగున 2 సెంటీమీటర్ల మట్టి, పైన శుభ్రమైన సముద్రపు నీరు, ఒక రాత్రి తేరుకున్నాక 20 ఆంఫిపాడ్‌లు, సన్నగా గాలి. ఒక్కో మట్టికి ఐదు జాడీలు. పదో రోజు మట్టిని జల్లెడ పట్టి బతికున్నవాటిని లెక్కిస్తారు. శుభ్రమైన మట్టి జాడీల్లో 90 శాతం బతకకపోతే పరీక్ష మొత్తం చెల్లదు. అమెరికాలో ఆంపెలిస్కా, లెప్టోకైరస్ వాడతారు. మన ఉప్పుటేరుల్లో గ్రాండిడియెరెల్లా ప్రజాతి ఉంది, దాన్ని లాబ్‌లో పెంచి వాడుకోవచ్చు. జాగ్రత్త పడాల్సినవి రెండు. మట్టిలో ముందే ఉన్న వేటాడే పురుగులను నీళ్లు కలపకుండా జల్లెడలో నొక్కి తీసేయాలి, లేకపోతే అవి ఆంఫిపాడ్‌లను తినేస్తాయి, మరణాలన్నీ విషం ఖాతాలో పడతాయి. అమ్మోనియాను మొదటి రోజూ చివరి రోజూ కొలవాలి. సేంద్రియ పదార్థం కుళ్లే బురదలో అమ్మోనియాయే చంపేయగలదు, నింద మాత్రం లోహాల మీద పడుతుంది.

జీవుల లెక్కను చదవడంలో ఒక అపోహను తొలగించాలి: జీవులు పెరిగాయి కాబట్టి నేల బాగుపడిందన్నది. 1978లో పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు వివరించిన క్రమం ఇది. సేంద్రియ వ్యర్థం పెరిగేకొద్దీ లోతుగా తవ్వే పెద్ద జీవులు తప్పుకుంటాయి. ఒక దశలో కొద్ది జాతుల చిన్న పురుగులు విపరీతంగా పెరుగుతాయి, చదరపు మీటరుకు వేలల్లో. ఆ తర్వాత ఆక్సిజన్ పూర్తిగా పోయి ఏదీ మిగలదు. అంటే సంఖ్య శిఖరానికి చేరిన చోటు మృతప్రాయమైన నేలకు ఒక్క మెట్టు దూరంలో ఉండవచ్చు. ఇందుకు మనం విదేశాలకు వెళ్లనక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970లు, 80లలో విశాఖ రేవు పాలీకీట్‌ల మీద చేసిన పరిశోధనలో కాలుష్యానికి గుర్తుగా నిలిచే క్యాపిటెల్లా పురుగు గురించి చెప్పారు. అప్పటి సమాచారం మన చేతిలో ఉండగా నేటి నివేదికలు దానితో పోల్చకపోవడం మాకు బాధ కలిగించే విషయం.

సూచికల్లో ఈమధ్య ఏఎంబీఐ బాగా వాడుతున్నారు. జీవులను సున్నితమైనవాటి నుంచి మొండివాటి దాకా ఐదు గుంపులుగా విడదీసి, వాటి శాతాలను 0, 1.5, 3, 4.5, 6తో గుణించి కూడి, 100తో భాగిస్తారు. ఉపయోగమే, కానీ ఆ జాతుల జాబితా మొదట యూరప్ తీరాల కోసం తయారైంది. మన జాతుల్లో చాలావాటికి గుంపు కేటాయించి ఉండదు. గుంపు లేని జీవులు 20 శాతం దాటితే ఫలితాన్ని జాగ్రత్తగా చూడాలని ఆ పద్ధతి రూపొందించినవాళ్లే చెబుతారు; ఆ శాతం ఎంతో రాయని ఏఎంబీఐ విలువను ఒప్పుకోకండి. ‘పాలీకీట్-1, పాలీకీట్-2’ అని రాసిన జాబితా మీద కట్టిన సూచికకు విలువ లేదు. గుర్తించిన ప్రతి జాతి నుంచి కొన్ని నమూనాలను భారత జంతుశాస్త్ర సర్వేక్షణ వంటి చోట భద్రపరిస్తే, పదేళ్ల తర్వాత సందేహం వచ్చినా తీసి చూసుకోవచ్చు.

ఎప్పుడు తీశారన్నది కూడా ముఖ్యమే. నైరుతి వానల వరదకు మొగల దగ్గర ఉప్పదనం పడిపోయి ఏటా కొన్ని జీవులు చస్తాయి, వానలు వెనక్కి తగ్గాక కొత్త పిల్లలు వచ్చి కూర్చుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వంటి తుపాను తాకితే తీరపు అడుగంతా తిరగబడుతుంది. ఒకే సీజన్‌లో ఒక్కసారి తీసి ఏడాదికంతటికీ వర్తింపజేయడం తగదు. వేసవిలో ఒకసారి, వానలన్నీ తగ్గాక జనవరి, ఫిబ్రవరిలో ఒకసారి తీయాలి. పోల్చడానికి ఎంచుకునే శుభ్రమైన స్టేషన్లు కనీసం మూడు ఉండాలి, లోతు, ఉప్పదనం, రేణువుల సైజు అన్నీ దగ్గరగా ఉండాలి. రేవు బురదను బయటి సముద్రపు ఇసుకతో పోలిస్తే కనిపించే తేడాలో కాలుష్యం వాటా ఎంతో, మట్టి స్వభావం వాటా ఎంతో ఎవరూ విడదీయలేరు.

మూడు పరీక్షలూ చేతికొచ్చాక చదవడం కష్టం కాదు. లోహాలు ఎక్కువ, ఆంఫిపాడ్‌లు చచ్చాయి, జీవసముదాయం చితికింది అంటే ఆధారం గట్టిది, ఆ మట్టిని సముద్రంలో పారవేయనివ్వకూడదు. లోహాలు ఎక్కువ ఉన్నా జీవులు బతికి, సముదాయం బాగుంటే అవి బిగిసి ఉన్నాయి, కదపకుండా ఉంచడమే మేలు. రసాయనాల పట్టిక శుభ్రంగా ఉండి కూడా ఆంఫిపాడ్‌లు చస్తే మనం వెతకనిది ఏదో అందులో ఉంది: పురుగుమందో, మందుల ఫ్యాక్టరీ రసాయనమో, ట్రైబ్యుటైల్ టిన్నో. పట్టికొక్కటే చూసేవాళ్లకు ఈ మూడో సందర్భం ఎప్పటికీ కనిపించదు, మమ్మల్ని ఎక్కువగా భయపెట్టేదీ అదే. రసాయనం, విషత్వం రెండూ బాగుండి జీవసముదాయం మాత్రమే దెబ్బతింటే కారణం వరద కావచ్చు, ట్రాలర్ వలల రాపిడి కావచ్చు, ఆక్సిజన్ కొరత కావచ్చు. దానికి ఫ్యాక్టరీకి నోటీసు ఇస్తే పని జరగదు.

కాబట్టి మీరు వెంటనే చేయగలిగినవి చెబుతాం. కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. కన్సల్టెన్సీకి ఇచ్చే పని ఒప్పందంలో, అనుమతి షరతుల్లో రాస్తే చాలు. మూడు పరీక్షలూ ఒకే స్టేషన్, ఒకే రోజు. గ్రాబ్ సైజు, దిగిన లోతు, జల్లెడ సైజు, ఎన్ని గ్రాబ్‌లు తీశారో ప్రతి పట్టిక కిందా. పని మొదలవకముందు రెండు సీజన్లు, జరుగుతుండగా, ముగిశాక కనీసం రెండేళ్లు, అవే స్టేషన్లలో, పోలిక స్టేషన్లతో సహా. తొందరగా పెరిగే పురుగులు కొన్ని నెలల్లోనే తిరిగి వస్తాయి. అసలు సముదాయం కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆరు నెలలకే ‘జీవులు తిరిగొచ్చాయి’ అని ఫైలు మూసేస్తే చూసింది మొదటి బాపతు పురుగులనే.

చివరిగా, విడి సమాచారం బయటపెట్టండి. సూచికలూ సగటులూ కాదు, ఒక్కో గ్రాబ్‌లో ఏ జాతి ఎన్ని వచ్చాయి, ఒక్కో జాడీలో ఎన్ని ఆంఫిపాడ్‌లు బతికాయి అన్న అసలు లెక్కల ఫైళ్లు అక్షాంశ రేఖాంశాలతో సహా మండలి వెబ్‌సైట్‌లో ఉండాలి. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు తెలుగులో ఇచ్చే సారాంశంలో ఈ మూడు పరీక్షల ఫలితం స్టేషన్ వారీగా పటం మీద చూపించాలి. గుల్లలు ఏరేవాళ్లకూ వల వేసేవాళ్లకూ ఏ మొగ దగ్గర, ఏ లంక పక్కన ఏం తేలిందో ఆ పటంలో తెలియాలి. తమకు తెలిసిన నేల గురించి వాళ్లు అడిగే ప్రశ్నలకు విచారణ రోజునే రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. రాబోయే పూడికతీత సీజన్‌కు ముందే ఈ షరతులు ఒప్పందాల్లో చేర్చాలని, నమూనా ఒప్పందం రాయడంలో, లాబ్ సిబ్బందికి శిక్షణ ఇవ్వడంలో మా వంతు సాయానికి సిద్ధంగా ఉన్నామని తెలియజేస్తున్నాం.

ఇట్లు,
సముద్రపు అడుగుమట్టి, అడుగుజీవుల అధ్యయనంలో పనిచేస్తున్న కొందరం